స్పేర్ రూమ్ నర్సరీ

జూన్ 5, 2016, ఆదివారం

ఇవాళ్టి నుంచి నేను వ్యాపారస్తురాలిని. వ్యాపారం ఇంకా మొదలవలేదు, అది వేరే సంగతి. స్పేర్ రూమ్‌లోంచి ఇస్త్రీ బల్ల, పాత సూట్‌కేసులు, జనార్దన్ ఎంతో ఆర్భాటంగా కొని వారంలోనే మర్చిపోయిన ఎక్సర్‌సైజ్ సైకిలు గరాజ్‌లోకి పోయాయి. వాటి చోట రెండు షెల్ఫులు, ట్యూబ్ లైట్లు, ఒక ఆయిల్ హీటరు వచ్చాయి. చలికాలమంతా ఇంట్లోనే నారు పెంచి, స్ప్రింగ్ రాగానే హామిల్టన్ తెలుగువాళ్ళకి అమ్మడం ప్లాను. ఇక్కడి షాపుల్లో వంకాయ అంటే ఒకటే రకం. నల్లగా, లావుగా, కూర వండితే స్పాంజి ముక్కలు తింటున్నట్టు ఉంటుంది. పొడుగు పచ్చ వంకాయల కోసం మనవాళ్ళు ఆక్లండ్ దాకా డ్రైవ్ చేస్తారు, వచ్చాక ఆ సంగతి నెల్లాళ్ళు చెప్పుకుంటారు. కాబట్టి డిమాండ్ ఉంది. సప్లై నేను.

జనార్దన్ తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. "ఈ గదిలోనేనా?" అన్నాడు. ఇంకే గది ఉంది మనకి, అన్నాను. అతను షెల్ఫుకి స్క్రూలు బిగించి వెళ్ళాడు.

పిల్లల కోసం వెళ్ళిన క్లినిక్ వాళ్ళు మూడోసారి కూడా సారీ చెప్పాక, పోయినేడు, ఇక మానేద్దాం అనుకున్నాం. ఇద్దరం చాలు నవీనా, అన్నాడు. నేనూ సరే అన్నాను. మొదలుపెట్టినప్పుడు ఎవరికీ చెప్పలేదు, మానేసినప్పుడూ చెప్పలేదు. గదికి మాత్రం మొదట్లోనే లేత పసుపు రంగు వేసేశాం. ఆ రంగు వంకాయలకి బాగానే ఉంటుంది.

జూన్ 9, గురువారం

భీమవరం నుంచి అత్తయ్య ఫోన్. కోటేశ్వరమ్మగారికి నా వ్యాపారం గురించి చెప్పలేదు, పెరట్లో ఏవో మొక్కలు వేస్తున్నానని మాత్రం జనార్దన్ చెప్పాడు.

"మృగశిర కార్తె వచ్చేసిందమ్మా. విత్తనం వెయ్యడానికి ఇదే అదును. ఇవాళే వేసెయ్."

వంటింటి కిటికీలోంచి చూస్తే గడ్డి మీద మంచు గట్టిపడి తెల్లగా ఉంది.

"ఇక్కడ చలికాలం కదా అత్తయ్యా."

"కార్తెకి ఊరేంటమ్మా, ఎక్కడైనా కార్తే."

ఈ దేశంలో ఉగాది వచ్చేటప్పటికి ఆకులు రాలతాయి, సంక్రాంతికి నిక్కర్లు వేసుకుని బీచ్‌కి పోతాం. తొలకరి నాడు కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీక్కుంటాం. అయినా విత్తనాలు వేశాను. కార్తె మీద నమ్మకంతో కాదు, అత్తయ్య మళ్ళీ ఫోన్ చేస్తుందని.

జూన్ 26, ఆదివారం

మొలిచాయి. సన్నగా, పొడుగ్గా సాగాయి. పడిపోయాయి. మొదలు దగ్గర కుళ్ళి, ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. ట్రే మొత్తం చెత్తబుట్టలోకి.

జనార్దన్ సారీ అన్నాడు. క్లినిక్ వాళ్ళకంటే బాగా చెప్పాడు.

జూలై 10, ఆదివారం

పక్క వీధి రామ్‌కుమారి ఆంటీ కొత్త విత్తనాలు ఇచ్చింది. ఆవిడ ఫిజీ నుంచి వచ్చింది. ముత్తాతలు తెలుగువాళ్ళేనట, ఆవిడ దగ్గర మిగిలిన తెలుగు మాత్రం ఒక గిన్నెలో పడుతుంది. "మా ఆజీ తెలుగు మాట్లాడుతుండె. నాకి కొంచెమే వస్తది," అని వాళ్ళ నానమ్మని తలుచుకుని ప్రతిసారీ చెబుతుంది, చెప్పాక హిందీలోకి వెళ్ళిపోతుంది. ఆవిడ పెరట్లో పండించి ఎండబెట్టిన పచ్చ వంకాయ విత్తనాలు ఇవి.

నాకేమైనా విశేషమా అని ఈ ఊళ్ళో ఇంతవరకూ అడగని ఆడమనిషి ఆవిడొక్కతే. ఆ ప్రశ్నకి కావలసిన తెలుగు రాకపోవడం వల్లేనని నా అనుమానం.

ఈసారి విత్తనాల డబ్బాలు హాట్ వాటర్ కబర్డ్‌లో పెట్టాను, వేడినీళ్ళ సిలిండర్ పైన. జనార్దన్ షర్టులు పక్కకి జరిపాను. షర్టులకి మట్టివాసన వస్తోందని ఆఫీసులో ఎవరో అన్నారట. పాలు పితికే మెషీన్లు బాగుచేసే ఉద్యోగం అతనిది, పొలాల వెంట తిరుగుతాడు. ఇంతకాలం పేడవాసన గురించి ఎవరూ ఏమీ అనలేదు.

జూలై 16, శనివారం

మా గిన్నె తిరిగివ్వడానికి కృష్ణవేణి ఆంటీ కూతురు ప్రణీత వచ్చింది. కృష్ణవేణి ఆంటీ అంటే హామిల్టన్ తెలుగు ఆడవాళ్ళకి ముఖ్యమంత్రి, ఓట్లు వెయ్యక్కర్లేని ముఖ్యమంత్రి. కరీంనగర్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. ప్రణీత ఇక్కడే పుట్టింది, పదిహేనేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

హాల్లో చలి, స్పేర్ రూమ్ తలుపు కింద నుంచి వెచ్చటి గాలి, సన్నటి వెలుగు. లోపల ఏముంది అని అడిగింది. నర్సరీ, అన్నాను. కళ్ళు పెద్దవి చేసుకుని "ఓ మై గాడ్" అంది. తలుపు తియ్యబోయాను, ఇప్పుడొద్దు, డిస్టర్బ్ చెయ్యను అంది. ఈ కాలం పిల్లలకి మొక్కలంటే ఇంత గౌరవం ఉందని నాకు తెలియదు.

జూలై 24, ఆదివారం

వంకాయలకి ఇరవై నాలుగు డిగ్రీలు. మాకు రెండు రగ్గులు, సాక్సులు, మంకీ క్యాప్. ఈ ఇంట్లో అద్దెకి ఎవరున్నారో, అతిథులెవరో అర్థం కావడం లేదు.

ఆగస్టు 3, బుధవారం

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

కృష్ణవేణి ఆంటీ ఫోన్ చేసింది. గొంతులో తేనె.

"ప్రణీత చెప్పింది బిడ్డా. నర్సరీ రెడీ చేసుకుంటున్నరట గద. మాకొక్క మాట చెప్తే ఏం పోయె?"

"నిలుస్తాయో లేదో అని ఎవరికీ చెప్పలేదు ఆంటీ."

"అదీ మంచిదే, దిష్టి తాకుతది. అంత మంచిగున్నదా మరి?"

"మొదటిసారి పోయాయి. ఈ బ్యాచ్ బాగుంది."

"అయ్యో, మొదలు పోయెనా. ఎంత ఓర్చుకున్నవ్ బిడ్డా. మరి బయటికెప్పుడు?"

"లేబర్‌కే ఆంటీ. అక్టోబర్ ఆఖర్లో. అప్పటిదాకా లోపల వెచ్చగా ఉండాలి."

నేను చెప్పింది లేబర్ వీకెండ్ గురించి. ఈ దేశంలో ఆ సెలవులకి ముందు టమాటా, వంకాయ బయట నాటితే మంచుకి చస్తాయని పిల్లలకి కూడా తెలుసు. ఆంటీ మాత్రం నెలలు లెక్కేసి, "అంటే ఆరో నెల పడ్డట్టే గద. ఆ లావు జాకెట్ల మాకు తెల్వనే లేదు. డాక్టరేమన్నడు?" అంది.

అప్పుడు తెలిసింది. ఇక్కడ పుట్టిన పిల్లకి నర్సరీ అంటే ఉయ్యాల, బొమ్మలు, పాల సీసా. నేను చెప్పింది మన కడియం నర్సరీ లాంటిదని ఆ పిల్లకేం తెలుసు. నోరు తెరిచాను. వంకాయ నారు ఆంటీ, అనడానికి ఎంతసేపు పడుతుంది.

"బరువులు లేపకు బిడ్డా. నీకేం తినాలనిపిస్తున్నదో చెప్పు, రేపే చేసి తెస్త."

ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్ళయింది. నీకేం తినాలనిపిస్తోంది అని జనార్దన్ తప్ప ఎవరూ అడగలేదు.

"చింతకాయ పచ్చడి," అన్నాను.

రేపు చెబుతాను.

ఆగస్టు 4, గురువారం

పచ్చడి బాగుంది. నేను పనిచేసే హాస్పిటల్లో అపాయింట్‌మెంట్లు ఇచ్చే పని ఎక్కువైంది, ఫోన్ చెయ్యడం కుదరలేదు.

ఆగస్టు 7, ఆదివారం

పులిహోర వచ్చింది. బూరెలు వచ్చాయి. ఎవరింటి నుంచో నేతి అరిసెలు వచ్చాయి. డబ్బాల మీద పేర్లు కూడా లేవు, తిరిగి రావాలన్న ఆశ కూడా ఎవరికీ లేదు. ఈ ఊరి తెలుగువాళ్ళు టప్పర్‌వేర్ వదులుకున్నారంటే చిన్న విషయం కాదు.

జనార్దన్ బూరెలు తింటూ, ఏంటి విశేషం అన్నాడు. శ్రావణమాసం అన్నాను. ఇది ఆవులు ఈనే కాలం, పొలాల్లో మెషీన్లు రోజంతా తిరుగుతాయి, రోజంతా చెడిపోతాయి. పొద్దున చీకట్లో వెళ్ళి సాయంత్రం చీకట్లో వస్తాడు. బూరెల మీద పరిశోధన చేసే ఓపిక అతనికి లేదు.

ఎల్లుండి చెబుతాను. డబ్బాలు కడిగి, డబ్బాలతో పాటు చెబుతాను.

ఆగస్టు 12, శుక్రవారం

కృష్ణవేణి ఆంటీ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పట్టుచీరల మీద పఫర్ జాకెట్లు, కాళ్ళకి ఊలు సాక్సులు. అమ్మవారొక్కతే చలికి తట్టుకుంది.

పోయినేడు ఇదే ఇంట్లో ఆంటీ కోడలి శ్రీమంతం. వరసగా ఆడవాళ్ళందరి చేతా గాజులు తొడిగిస్తూ నా దగ్గరికొచ్చేసరికి ఆవిడకి వంటింట్లోంచి ఏదో మాడిన వాసన వచ్చింది. వెళ్ళి వచ్చి, నా పక్కావిడ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజు పొయ్యి మీద ఏమీ లేదని నాకు తెలుసు, గిన్నెలు కడిగింది నేనే.

ఇవాళ ముందు వరసలో కుర్చీ వేశారు. మిగతావాళ్ళంతా కింద. ఎర్రవి, పచ్చవి గాజులు, మోచేతి దాకా తొడిగారు. ఒకావిడ నా పొట్ట వైపు చూసి, కళ్ళు తుడుచుకుంది. ఆ పొట్ట పూర్తిగా వాళ్ళ బూరెల పుణ్యమే. ఫొటోలు తీశారు.

నాకు బాగుంది. ఎంత సిగ్గులేకుండా బాగుందో ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

ఆగస్టు 13, శనివారం

ఆదివారం చెబుతాను.

ఆగస్టు 21, ఆదివారం

నారు ఒక్కొక్కటీ విడదీసి యోగర్ట్ డబ్బాల్లోకి మార్చాను. రామ్‌కుమారి ఆంటీ సాయం వచ్చింది. గదంతా తిరిగి చూసి, షెల్ఫుల మీద చూసి, నన్ను చూసి, "భజన్‌లో ఔరతులు అంటుండె, నవీనకి బేబీ. ఎక్కడ బేబీ? ఇదంతా బైగన్," అంది.

వాళ్ళు తప్పుగా అర్థం చేసుకున్నారు ఆంటీ, అన్నాను.

"నువ్వు చెప్పలే?"

చెబుతాను, అన్నాను. ఆవిడ డబ్బాల్లో మట్టి నింపింది. తెలుగు తక్కువ వచ్చినవాళ్ళతో ఇదే కష్టం, మాటలు తిప్పడానికి లేదు.

సెప్టెంబర్ 4, ఆదివారం

ఇక్కడ ఇవాళ ఫాదర్స్ డే. గార్డెన్ షాపులో పారల మీద డిస్కౌంటు. జనార్దన్ మట్టి బస్తా భుజాన వేసుకుని కౌంటర్ దగ్గరికి వస్తే, అక్కడి పిల్ల హ్యాపీ ఫాదర్స్ డే అంది. థాంక్యూ అన్నాడు. కార్లో పాటలు పెట్టుకుని ఇంటికొచ్చాం.

సెప్టెంబర్ 14, బుధవారం

మధ్యాహ్నం నాకు సెలవు. వంకాయలకి నీళ్ళు పోస్తున్నాను. కారు ఆగిన చప్పుడు. ఈ టైముకి జనార్దన్ ఎప్పుడూ రాడు. గమ్ బూట్లు కూడా విప్పకుండా, పేడతో సహా కార్పెట్ మీద నడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

వాళ్ళమ్మ ఫోన్ చేసిందట. వ్రతం ఫొటోలు ఎవరి ద్వారానో ఫేస్‌బుక్‌లో భీమవరం చేరాయి. గాజులు చూసి కృష్ణవేణి ఆంటీనే అడిగి తెలుసుకుందట అత్తయ్య. ఫోన్లో ఏడ్చిందట.

అతను నవ్వుతున్నాడు. పెళ్ళై పదకొండేళ్ళయింది, అతని నవ్వులన్నీ నాకు తెలుసనుకున్నాను. ఇది తెలియదు.

"ఎందుకు చెప్పలేదు నాకు? మళ్ళీ పోతే నేను తట్టుకోలేనని చెప్పలేదు కదా?"

నా చేతిలో నీళ్ళ మగ్గు ఉంది. "జనార్దన్," అన్నాను. "నర్సరీ అంటే ఇదే. వాళ్ళు పొరపాటు పడ్డారు."

షెల్ఫుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఓ," అన్నాడు. తర్వాత, "బాగా పెరిగాయి," అన్నాడు. వెనక్కి వెళ్ళి, బూట్లు బయట విప్పి, బకెట్టు తెచ్చి కార్పెట్ తుడిచాడు.

సెప్టెంబర్ 15, గురువారం

ఆ నవ్వు చూడకపోతే బాగుండేది.

సెప్టెంబర్ 18, ఆదివారం

నాలుగు రోజులుగా ఇంట్లో మహా మర్యాద. టీ కావాలా, వద్దు థాంక్స్. హీటర్ కట్టెయ్యనా, కట్టెయ్.

ఇవాళ నేనే మొదలుపెట్టాను, కోపంగానే. నా అబద్ధం గురించి అతను అరుస్తాడని చూశాను, అరవలేదు. అందుకని నేనే అతని అబద్ధం పట్టుకున్నాను.

"ఇద్దరం చాలన్నావు. నేను నమ్మాను. నమ్మి, ఏడాది నుంచి అలాగే బతుకుతున్నాను."

అతను నారు డబ్బాల మీద పేర్లు రాస్తున్నాడు. పెన్ను కింద పెట్టాడు.

"చాలని నీకు చెప్పాను నవీనా. నాకు నేను చెప్పుకోలేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్పమంటావ్? నీకు చెబితే మళ్ళీ క్లినిక్‌కి పదమంటావు. అమ్మకి అసలేం తెలీదు. ఆఫీసులో ఆవులు తప్ప వేరే మాట ఉండదు."

నీకు బాధగా ఉందా, అని అడిగాను. అడగాల్సిన ప్రశ్నేనా అది. ఏడాది ఆలస్యంగా అడిగాను. ఉంది, అన్నాడు. నాకూ ఉంది, అన్నాను. మిగతా డబ్బాల మీద పేర్లు ఇద్దరం రాశాం. అత్తయ్యకి తను చెబుతానన్నాడు. ఆంటీకి నేను చెప్పాలి. ఇక రేపూ ఎల్లుండీ లేవు.

సెప్టెంబర్ 25, ఆదివారం

చెప్పాను. వారం పట్టింది, అయినా చెప్పాను.

"ఆంటీ, మీరనుకుంటున్నది... అలాంటిదేం లేదు ఆంటీ. లేదు."

తిడుతుందని ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాను.

"అయ్యో బిడ్డా," అంది. "ఎప్పుడు?"

"ఎప్పుడేంటి ఆంటీ, అసలు లేదు."

"నాకు తెలుసు బిడ్డా, చెప్పబుద్ధి కాదు. లేదనుకోవాలె, అసలు లేదనే అనుకోవాలె. మంచిగ పండుకో. నేనందరికి చెప్త, ఎవ్వరు నిన్నేం అడగరు." పెట్టేసింది. మళ్ళీ చేస్తే వాళ్ళాయన కొమురయ్య అంకుల్ ఎత్తి, ఆమె ఏడుస్తున్నది, తర్వాత మాట్లాడుతది అన్నాడు.

కడుపులో ఎప్పుడూ పడకపోయినా లేదంటాం, పడి పోయినా లేదంటాం. రెంటికీ ఒకే మాట పెట్టుకున్న భాషలో నిజం చెప్పడానికి బయల్దేరాను చూడు, నాదీ తప్పు.

అక్టోబర్ 2, ఆదివారం

నారు పగలు బయట, సాయంత్రం లోపల. కాస్త కాస్త చలి అలవాటు చెయ్యాలి. మోసేది జనార్దన్. బరువులు లేపకు అంటాడు వేళాకోళంగా, నేనూ నవ్వుతాను.

ఆంటీ ఫోన్ ఎత్తడం లేదు. అందరికీ చెప్పేసినట్టుంది. దారిలో కనబడినవాళ్ళు నా చెయ్యి నొక్కి వెళ్ళిపోతున్నారు.

అక్టోబర్ 22, శనివారం

లేబర్ వీకెండ్. గరాజ్ తలుపెత్తి, బల్లల మీద నారు పెట్టాం. పొద్దున్నే జనం. ఆక్లండ్ నుంచి కూడా ఒక కుటుంబం వచ్చింది.

ఎవరూ బేరం ఆడలేదు. ఒక్కరు కూడా, రెండు తీసుకుంటే ఇంకోటి ఫ్రీగా ఇవ్వమనలేదు. కొసరుకి కరివేపాకు అడగలేదు. తెలుగువాళ్ళు బేరం ఆడకుండా కొంటున్నారంటే ఎవరో పోయి ఉండాలి, అని జనార్దన్‌తో అనబోయి ఆగాను. పోయింది మా ఇంట్లోనే.

వంకాయ మొక్కలు చేతిలో పట్టుకుని, వాటి వైపు చూడకుండా నన్నే చూస్తున్నారు. ఒకావిడ, నాకూ అట్లనే అయింది బిడ్డా, మీరు పుట్టకముందు, అని చెవిలో చెప్పి వెళ్ళింది. కృష్ణవేణి ఆంటీ ఏడు మొక్కలు కొంది. ఆవిడ పెరడు మొత్తం కాంక్రీటు.

చాలు అనిపించింది. జాలి మీద వంకాయలు అమ్ముకునేదాన్ని కాదు నేను. అందరినీ ఆపి, గట్టిగా, కడుపూ లేదు, పోవడమూ లేదు, ఉన్నది నారొక్కటే, అని చెబుదామని గొంతు సవరించుకున్నాను.

అప్పుడు కొమురయ్య అంకుల్ జనార్దన్ దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడూ క్రికెట్ తప్ప మాట్లాడని మనిషి. జనార్దన్ రెండు చేతులూ పట్టుకుని, "దిల్ గట్టిగ చేసుకోవాలె కొడుకా. చెప్పుకోరాని బాధ, నాకెరుక," అన్నాడు.

జనార్దన్ నిజం చెబుతాడని చూశాను. అతనికి అబద్ధం నోట్లో నిలవదు, ఇన్ని నెలల్లో ఆ పని చేసింది నేను. అతను చేతులు వెనక్కి తీసుకోలేదు.

"మూడుసార్లు, అంకుల్," అన్నాడు. "ఒక్కసారి కాదు. మూడుసార్లు."

అంకుల్ చేతులు వదల్లేదు. గరాజ్‌లో అందరూ విన్నారు. కృష్ణవేణి ఆంటీ ట్రే కింద పెట్టి నా వైపు వచ్చింది, ఈసారి ఆవిడ ముఖంలో తేనె లేదు, ఏం చెయ్యాలో తెలియని ముఖం. జనార్దన్ ఏడుస్తున్నాడు. మా పెళ్ళయ్యాక నేను చూడడం ఇదే మొదటిసారి, అదీ గరాజ్‌లో, అందరి ముందు.

మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు వాటిని పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పరామర్శకి వచ్చినవాళ్ళని ఎలా చూసుకోవాలో నాకు తెలియదు, మా ఇంటికి ఎప్పుడూ ఎవరూ అలా రాలేదు. లోపలికి వెళ్ళి, ఉన్న కుర్చీలన్నీ తెచ్చి వేశాను.